మామగారి తుపాకి, ఓలీటా తొలిక

ఆ శనివారం పొద్దున వర్లిన్ స్టాంపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కోళ్ళకి గింజలు చల్లాలి. తమ కెంటకీ కౌంటీ మైదానంలో జరిగే తుపాకుల సంతకి వెళ్ళి, ట్రక్కు సీటు కింద దాచిన రివాల్వర్‌ని ఎవరికో ఒకరికి అంటగట్టి, మామగారి పాత తుపాకిని వెనక్కి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ముందే దాన్ని పడగ్గది అలమర మీదున్న తోలు పెట్టెలో పెట్టేసి, ఏమీ ఎరగనివాడిలా చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చోవాలి. ఇందులో కష్టమైనది చేతులు కడుక్కోవడం ఒక్కటేనని అతని అంచనా. ఆ విషయంలో భార్య ఓలీటా సబ్బు వాసన చూస్తే తప్ప నమ్మదు.

"రేపు జూనీకి పన్నెండో పుట్టినరోజు," అంది ఓలీటా వేడి రొట్టెల మీద గ్రేవీ పోస్తూ. "నాన్న పెట్టె దించుదాం. అందరి ముందూ దాని చేతే విప్పిద్దాం."

వర్లిన్ గొంతులో రొట్టె ముక్క అడ్డం తిరిగింది. మనవరాలి పుట్టినరోజని తెలుసు. ఆ పెట్టె సంగతి ఎత్తుతుందని వారం రోజులుగా భయపడుతూనే ఉన్నాడు. భయపడటం వేరు, వినడం వేరు.

"ఇంకా చిన్నపిల్ల కదా," అన్నాడు నీళ్ళు తాగి.

"మా నాన్న నాకు తొమ్మిదేళ్ళకే దాన్ని చేతికిచ్చాడు."

"అప్పటి పిల్లలు వేరు."

"ఏం, పెట్టెకేమన్నా అయిందా?"

"దానికేమవుతుంది!"

"అదేగా, దానికేమవుతుంది," అంది ఓలీటా, గరిటె గిన్నె అంచుకి తట్టి. "అన్నట్టు, కలుపు తీసే నా తొలిక కర్ర సంగతి ఇంతవరకూ తేలలేదు. చిక్కుడు మళ్ళలో కలుపు మోకాలి దాకా వచ్చింది. ఇనుప పలకేమో కొట్టంలో భద్రంగా ఉంది, కర్ర లేదు. చెదలు కర్రని మొత్తం తినేసి, పలకని తుడిచి మేకుకి తగిలించి పోయాయంటావా?"

"ఈ కొండల్లో చెదలు అంతే, మహా శుభ్రం," అని వర్లిన్ టోపీ అందుకున్నాడు.

తొలిక కర్ర ఎక్కడుందో అతనికి తెలుసు. మామగారి తోలు పెట్టెలో, తుప్పు పట్టిన నీళ్ళ గొట్టం ముక్కతో కలిపి, పాత తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉంది. పెట్టె ఎత్తి చూస్తే బరువు తేడా తెలియకూడదని పోయిన శరత్కాలంలో అతనే కోసి పెట్టాడు.

ఆ శరత్కాలపు సంతలోనే వర్లిన్ బుద్ధి గడ్డి తిన్నది. తుపాకుల బేరగాడు హోబర్ట్ బల్ల మీద ఆ రివాల్వర్ మెరుస్తూ కనిపించింది. ముంజేతి పొడవు, అద్దంలాంటి నిగనిగ, తూటా ఒక్కోటి బొటనవేలంత. "ఎలుగుబంటి ఎదురైతే ఒక్క దెబ్బ చాలు," అన్నాడు హోబర్ట్. వర్లిన్ అరవై మూడేళ్ళ జీవితంలో ఎలుగుబంటి ఎదురుపడింది ఒకే ఒక్కసారి. అదీ చర్చి వెనక చెత్తకుండీలో తల దూర్చి ఉంది, అతన్ని చూసి సిగ్గుపడి వెళ్ళిపోయింది. అయినా ఆ క్షణంలో వర్లిన్‌కి కొండల నిండా ఎలుగుబంట్లే కనిపించాయి. హోబర్ట్ మారకంగా పాత తుపాకి ఏదన్నా ఉంటే తెమ్మన్నాడు. అలమర మీది పెట్టె గుర్తొచ్చింది. ఎలాగూ ఎవరూ పేల్చరు, వచ్చే సంతలో మళ్ళీ మార్చుకోవచ్చు అనుకున్నాడు.

ఇంటికొచ్చి, వెనక చేలో ఒక్కసారి పేల్చాడు. రివాల్వర్ వెనక్కి ఎగిరి నుదుటి మీద కొట్టింది. కుక్క వరండా కిందికి దూరి, రాత్రి భోజనాల వేళ దాకా బయటికి రాలేదు. నుదుటి మీద వంకాయంత బొప్పి చూసి ఓలీటా ఏమైందంటే కొట్టం దూలం తగిలిందన్నాడు. ఆ దూలం అతని తలకంటే రెండడుగులు ఎత్తున ఉంటుంది. ఓలీటా దూలం వంక చూసింది, బొప్పి వంక చూసింది, ఐసు ముక్క తెచ్చి పెట్టింది.

తప్పు చేశానని మర్నాడే తెలిసింది. కానీ హోబర్ట్ చలికాలమంతా దక్షిణాది సముద్రం ఒడ్డున గడుపుతాడు. సంత మళ్ళీ వసంతంలోనే. ఈలోగా ఓలీటా అలమర తెరిచినప్పుడల్లా వర్లిన్ ప్రాణం పైకీ కిందికీ అయ్యేది. మామగారు ఆమెకి వదిలిపోయిన వస్తువు అదొక్కటే. ప్రతి చలికాలం వర్లినే దాన్ని విప్పి, నూనె పెట్టి, తుడిచి, భక్తిగా సర్దేవాడు. ఓలీటా గుమ్మంలో నిలబడి చూసేది. 

ట్రక్కు తాళం తిప్పబోతుంటే అవతలి తలుపు తెరుచుకుంది.

"సంతకేనా బావా? పద, నేనూ వస్తా," అంటూ డెంజిల్ ఎక్కి కూర్చున్నాడు. డెంజిల్ ఓలీటా తమ్ముడు. వాగు అవతల ఇల్లు. మనిషి మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"నీకు సంతలో ఏం పని?" అన్నాడు వర్లిన్ నీరుగారిపోతూ.

"నాకేం పని లేదు. అక్కడ ఆపిల్ కజ్జికాయలు వేయిస్తారు."

మామగారి తుపాకిని మామగారి కొడుకు పక్కన కూర్చుని ఉండగా విడిపించుకురావడం ఎలాగో వర్లిన్‌కి దారి పొడుగునా తోచలేదు.

సంత హాల్లో పశువుల ప్రదర్శన నాటి వాసన ఇంకా పోలేదు. గేటు దగ్గర వలంటీరు ప్రతి తుపాకినీ ఖాళీ చేయించి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తున్నాడు. వర్లిన్ రివాల్వర్ చూడగానే వలంటీరు జాలిగా భుజం తట్టాడు. కజ్జికాయల వాసన వచ్చిన దిక్కుగా డెంజిల్ పోగానే, వర్లిన్ పరుగున హోబర్ట్ బల్ల దగ్గరికి వెళ్ళి, రివాల్వర్‌ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. హోబర్ట్ తన కాఫీ కప్పు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు," అన్నాడు.

"చూడకుండానే వద్దంటావేంటి?"

"చూడటమా? అది నా బల్ల మీదికి రావడం ఇది నాలుగోసారి. మా అమ్మాయి కూడా ఇన్నిసార్లు పుట్టింటికి రాలేదు."

"మరి నాకు అమ్మేటప్పుడు, కొత్తది, పెద్దగా పేల్చలేదన్నావు?"

"అబద్ధం చెప్పానా? తూటాల పెట్టె చూసుకో."

వర్లిన్ జేబులోంచి తూటాల పెట్టె తీసి చూశాడు. రివాల్వర్‌తో పాటే వచ్చిన పెట్టె అది. ఇన్ని నెలల్లో దాన్ని సరిగ్గా చూడనేలేదు. వరసలో ఖాళీలు కనిపించాయి. చివరి ఖాళీ తనది. మిగతావి తనకు ముందు దీన్ని కొన్నవాళ్ళవి. ఒక్కొక్కరూ ఒక్కటే పేల్చారు, రెండోది పేల్చినవాడు లేడు. హాల్లో అటూ ఇటూ తిరుగుతున్న పెద్దమనుషుల నుదుళ్ళు మొదటిసారి పరీక్షగా చూశాడు. వాటిమీద చిన్న చిన్న మచ్చలు కనబడ్డాయి.

"సరే, ఇది పోనీ. నేనిచ్చిన తుపాకి ఏదీ?"

"పాస్టర్ రాయ్డన్ పోయిన సంతలోనే పట్టుకుపోయాడు. అదిగో, ఇవాళ ఆయన బల్ల మీదే ఉంది," అని హోబర్ట్ గడ్డం ఎగరేశాడు. "కావాలన్నట్టు కనబడకు మరి."

ఆ సంతలో మొదటి నియమం అదే. కావలసిన తుపాకిని చూసి మొహం చిట్లించాలి, ఎత్తి పెదవి విరవాలి, కింద పెట్టి నాలుగడుగులు వేసి వెనక్కి రావాలి. కొనాలని ఉన్నట్టు కళ్ళలో కనబడిందా, ధర రెట్టింపు. వర్లిన్ మొహం చిట్లించుకుని పాస్టర్ బల్ల దగ్గరికి చేరేసరికి అక్కడ డెంజిల్ ఉన్నాడు. ఒక చేతిలో కజ్జికాయ, ఇంకో చేతిలో మామగారి తుపాకి.

"బావా, ఇటు రా! ఇది చూడు! అచ్చం నాన్న తుపాకే!"

"అలాంటివి ఊరికి వంద," అన్నాడు వర్లిన్.

"చెక్క మీద కంచరగాడిద కొరికిన గాటు కూడా ఉంది బావా!"

"కంచరగాడిదలన్నీ ఒకేలా కొరుకుతాయి."

"మూడడుగుల గొట్టం! ఇంత పొడుగుది నాన్నది తప్ప నేనెక్కడా చూడలేదు."

"తుపాకి మంచిదే నాయనా," అన్నాడు పాస్టర్. అబద్ధమాడకూడదన్న నియమం ఆయనకి సంతలో కూడా ఉంది, అందుకని మాటలు ఏరి ఏరి వేస్తున్నాడు. "దీని ముందు నిలబడ్డ ప్రాణి ఏదీ ఇంతవరకూ బాధపడలేదు." అంటూనే తెలియకుండా కుడి భుజం నిమురుకున్నాడు.

డెంజిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బావా, దీన్ని కొని అక్కకిద్దాం. అసలుదానికి జత. రేపు రెండూ పక్కపక్కన పెడితే అక్క ఏడ్చేస్తుంది."

"అది మాత్రం నిజం," అన్నాడు వర్లిన్.

"పాస్టర్ గారూ, నా రంపం మిషన్ ఇస్తాను, పోయినేడే కొన్నది."

 తుపాకి డెంజిల్ చేతికి పోతే రేపు పెట్టెలో తొలిక కర్ర, బల్ల మీద దాని జత. "నేను రంపం మిషనూ, గొలుసులూ ఇస్తా," అన్నాడు వర్లిన్.

డెంజిల్ తెల్లబోయాడు. "నీ దగ్గర అసలుది ఉందిగా!"

"ఉంది కాబట్టే. జత."

"జత అన్నది నేను బావా!"

"అంటే సరిపోతుందా, మోయాలి. నా అల్యూమినియం పడవ ఇస్తాను పాస్టర్ గారూ."

"పడవా!" డెంజిల్ కజ్జికాయ కింద పెట్టేశాడు. "పడవ ఇచ్చి తుపాకి కొనేవాడివి, నిరుడు నేను ఒక్క పూటకి అడిగితే అడుగున చిల్లన్నావు కదా! సరే, నేను నా దున్నే మిషన్ ఇస్తా."

చుట్టూ జనం పోగయ్యారు. ఒక ఇంటి బావాబావమరుదులు ఒకరి మీద ఒకరు వేలంపాట పాడుకోవడం ఆ కౌంటీలో ఎవరూ చూడలేదు. అమ్మే పాస్టరే భుజం నిమురుకునే తుపాకి మీదైతే అసలే చూడలేదు.  చర్చి కప్పుకి కొత్త రేకులు కావాలని పాస్టర్ ఎన్నాళ్ళ నుంచో ప్రార్థిస్తున్నాడు గానీ, దేవుడు పడవల రూపంలో పలుకుతాడనుకోలేదు.

"ఉండండి, అక్కనే అడుగుదాం," అని డెంజిల్ ఫోను తీసి, వర్లిన్ ఆపేలోగా నొక్కేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు.

"అక్కా, సంతలో నాన్న తుపాకి లాంటిదే ఒకటుంది. గాటుతో సహా. కొని తెస్తున్నా, సరేనా?"

 ఓలీటా గొంతు హాలంతా మోగింది.

"చచ్చినా వద్దు. వింటున్నావా డెంజిల్? దాన్ని అక్కడే పెట్టు. మీ బావని కూడా ముట్టుకోనివ్వకు. మా ఇంటి గడప తొక్కిందంటే మీ ఇద్దరికీ రేపు భోజనం లేదు."

ఫోను కట్టయింది. డెంజిల్ మొహం మాడ్చుకుని తుపాకి కింద పెట్టాడు. "చూశావా బావా, నాన్నదంటే ఎంత ప్రాణమో. నకలు ఇంట్లో అడుగుపెట్టడం కూడా ఇష్టం లేదు."

వర్లిన్‌కీ అలాగే అర్థమైంది. అంత ప్రాణమైనదాన్ని తను ఒక ఎలుగుబంటి కోసం, అదీ రాని ఎలుగుబంటి కోసం అమ్ముకున్నాడు. డెంజిల్ కజ్జికాయ తీసుకుని ట్రక్కు దగ్గర ఉంటానని వెళ్ళాడు. జనం చెదిరారు. పాస్టర్ బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

"ఇది ఆ తుపాకి లాంటిది కాదు కదూ? అదే కదూ?"

వర్లిన్ తలొంచుకున్నాడు. తొలిక కర్రతో సహా అంతా చెప్పేశాడు.

"పడవ వద్దు," అన్నాడు పాస్టర్.

"రివాల్వర్ తీసుకోండి."

"అసలే వద్దు. ఆ తూటాల పెట్టెలో ఒక ఖాళీ నాదే." పాస్టర్ నుదుటి మీది జుట్టు సర్దుకున్నాడు. "నీ గొంతు కావాలి. మన చర్చిలో పియానో లేదు, నీకు తెలుసు. గొంతులే ఆధారం. ముసలి బర్జెస్ పోయాక కింది స్వరం పట్టేవాడు లేక మా పాట గాలిపటంలా ఎటో కొట్టుకుపోతోంది. నువ్వు రంపపు మిల్లులో పనిచేసే రోజుల్లో పాడితే చెక్కలు అదిరేవి. వచ్చే ఈస్టర్ దాకా ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని పాడు. తుపాకి పట్టుకుపో."

ఆదివారం అంటే వర్లిన్‌కి వాగు, గాలం. పెళ్ళయినప్పటి నుంచీ ఓలీటా ఒక్కతే చర్చికి వెళ్తుంది. పక్కన ఖాళీ చోటు మీద చేతిసంచీ పెట్టుకుని కూర్చుంటుందని ఎవరో ఎప్పుడో అంటే విని, విననట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ సంచీ ఎందుకో కళ్ళ ముందు కదిలింది.

"సరే," అన్నాడు.

ఇక దాన్ని ఇల్లు చేర్చడం మిగిలింది. ఆ కౌంటీలో భుజాన తుపాకి వేసుకుని కిరాణా కొట్టుకెళ్ళినా తలెత్తి చూసేవాడు లేడు. సంత హాల్లో అందరి చేతుల్లోనూ తుపాకులే. వాటన్నిటి మధ్యా దొంగతనంగా దాచవలసినది వర్లిన్ చేతిలో ఉన్న ఒక్కటే. పాస్టర్ సాయంతో దాన్ని రెండుగా విడదీశాడు. భుజానికి ఆనించే చెక్కని, ఛాతీ దాకా వచ్చే తన వదులు డంగరీ ముందు భాగంలో, పొట్ట మీద దోపాడు. మూడడుగుల గొట్టాన్ని డంగరీలోంచి కుడి కాలు పక్కగా దించాడు. ఒక కొస చంక కిందికి, ఇంకో కొస మోకాలు దాటి వచ్చింది. అలా కర్రలా బిగుసుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమైంది బావా?" డెంజిల్ ఎదురొచ్చాడు.

"మోకాలు పట్టేసింది."

"ఇందాక బాగానే ఉందిగా."

"ఇందాక నీతో పోట్లాడుతున్నా. వేడి మీద తెలీలేదు."

కాలు వంగక ట్రక్కు నడపడం కుదరలేదు. డెంజిల్ నడిపాడు. దారిలో ఉన్న గుంతల్లో ఒక్కటీ వదల్లేదు. గుంత వచ్చినప్పుడల్లా గొట్టం చంకలో పొడుస్తుంటే వర్లిన్ మూలిగాడు. మూలిగినప్పుడల్లా డెంజిల్ జాలిపడి ఇంకా తొందరగా తోలాడు.

ఇంటి ముందు కూతురు రెనీ కారు ఆగి ఉంది. రేపు రావలసిన రెనీ, ఆమె కూతురు జూనీ ఇవాళే వచ్చేశారు. రెనీ ఆసుపత్రిలో నర్సు. అది గుర్తొచ్చి వర్లిన్ ట్రక్కులోంచి దిగనన్నాడు.

"రెనీ!" అని డెంజిల్ అరిచాడు. "మీ నాన్న కాలు కట్టెలా బిగుసుకుపోయింది. తొందరగా రా!"

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వంటింట్లోకి తెచ్చి కుర్చీ వేశారు. కూర్చోలేక అంచున ఆనుకుని, కాలు ముందుకి చాపి, విరిగిన నిచ్చెనలా వాలాడు వర్లిన్. అప్పుడు బల్ల మీద చూశాడు. అలమర మీద ఉండవలసిన తోలు పెట్టె, మొక్కజొన్న రొట్టె పక్కన దుమ్ము తుడుచుకుని కూర్చుని ఉంది.

"జూనీ రేపటిదాకా ఆగలేనంది," అంది ఓలీటా. ఆమె చూపు భర్త మొహం మీద, పొట్ట మీద, కాలి మీద మెల్లగా దిగింది. "అందుకని ఇప్పుడే విప్పిద్దామనుకుంటున్నా."

"నాన్నా, ప్యాంటు పైకి లాగు. వాపు చూడాలి," అని రెనీ మోకాళ్ళ మీద కూర్చుంది.

"వాపు లేదు. గట్టితనమే," అని వర్లిన్ రెండు చేతులతో కాలు పట్టుకున్నాడు. "ఓలీటా, ఒక్కమాట. పెట్టె విప్పకముందు..."

"చెప్పు."

అందరూ చూస్తున్నారు. వర్లిన్ నోరు తెరిచాడు, మూశాడు.  "మీ నాన్న చాలా మంచివాడు," అన్నాడు చివరికి.

"విప్పవే జూనీ," అంది ఓలీటా.

జూనీ కొక్కెం తీసి మూత ఎత్తింది. వర్లిన్ కళ్ళు మూసుకున్నాడు. తొలిక కర్ర బయటపడే చప్పుడు కోసం కాచుకున్నాడు. దానికి బదులు మనవరాలి కేక వినబడింది. కళ్ళు తెరిచాడు. పెట్టెలో కొత్త గాలపు కర్ర, రెండు ముక్కలుగా, పక్కన తళతళలాడే చక్రంతో, పాత తువ్వాలు మీద పడుకుని ఉంది.

"తాతయ్యా, గాలం! వాగుకి నన్ను తీసుకెళ్తావా?"

"అక్కా," డెంజిల్ వంగి పెట్టెలోకి చూశాడు. "నాన్న తుపాకి ఏదీ?"

"పోయింది," అంది ఓలీటా. "శరత్కాలంలోనే పోయింది. పీడ వదిలింది."

డెంజిల్ గాలం కింది తువ్వాలు కూడా ఎత్తి చూశాడు.

"తొలిక కర్ర కోసం ఇల్లంతా వెతికి, నాన్న పెట్టె దించాను. విప్పితే కర్ర. అలమర ముందు నేల మీద కూర్చుని ఎంతసేపు నవ్వానో నాకే తెలీదు. తర్వాత కొంచెం ఏడ్చాను కూడా." ఓలీటా చేతులు తుడుచుకుంది. "ఆ తుపాకి కోసం నాన్న పాలిచ్చే ఆవుని ఇచ్చేశాడు. మొదటిసారి పేల్చినప్పుడే భుజం పక్కకి జరిగింది. ఆవు కోసం అమ్మ చలికాలమంతా ఆయనతో మాట్లాడలేదు. ఇక తప్పయిందని ఎలా చెప్తాడు? ఇంత మంచి తుపాకి కెంటకీలోనే లేదని నలభై ఏళ్ళు చెప్పాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చేతికిస్తే ఎగిరి తుమ్మముళ్ళ కంచెలో పడ్డాను. బాగుంది నాన్నా అన్నాను. ఏమనను మరి, అలా చూస్తుంటే!"

"నీకూ అంతేనా?" డెంజిల్ మెల్లగా పై పెదవి ఎత్తాడు. ముందుపన్ను సగం లేదు. "బేస్‌బాల్ తగిలిందని ఇన్నాళ్ళూ చెప్పా. తుపాకే."

"మరి ఇవాళ పడవకి దున్నే మిషన్ అడ్డమేసి పాడావేంట్రా!" అన్నాడు వర్లిన్.

"అక్కకి ప్రాణమనుకున్నా బావా."

"నేను ప్రతి చలికాలం నూనె పెట్టింది ఎందుకనుకున్నావు?" వర్లిన్ భార్య వైపు తిరిగాడు. "నీకు ప్రాణమనే."

"నీకు ప్రాణమనుకుని నేను పారేయలేదు," అంది ఓలీటా. "గుమ్మంలో నిలబడి, ఈయనకి నాన్నంటే ఎంత గౌరవమో అనుకునేదాన్ని. దాన్ని నువ్వే వదిలించావని తెలిసి, ఎప్పుడు చెప్తావా అని ఆరు నెలలు తొలిక పేరెత్తుతూనే ఉన్నాను. మా నాన్నా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. పోయే ముందు అది నా చేతిలో పెట్టి ఏదో అనబోయాడు ఆయన. అనలేకపోయాడు. క్షమించమనేమో అని ఇప్పుడనిపిస్తుంది."

ఆమె దగ్గరికొచ్చి భర్త నుదుటి మీద పాత బొప్పి ఉన్న చోట వేలు పెట్టింది. తర్వాత అదే వేలితో పొట్ట మీద తట్టింది. చెక్క చప్పుడైంది.

"నీ పొట్ట నలుచదరంగా ఎప్పట్నుంచి అయింది వర్లిన్? బయటికి తియ్యి."

వర్లిన్ ముందు చెక్క తీశాడు. తర్వాత లేచి నిలబడి, చంకలో చెయ్యి పెట్టి, గొట్టాన్ని మెల్లగా పైకి లాగాడు. అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. రెనీ నేల మీదే కూలబడి నవ్వింది. జూనీ చప్పట్లు కొట్టింది. డెంజిల్ మాత్రం గాటు వంక చూసి, "నేను చెప్పలేదూ! ఆ కంచరగాడిద పళ్ళు నేనెరగనా!" అన్నాడు.

"ఎందుకు మళ్ళీ తెచ్చావయ్యా దీన్ని?" ఓలీటాకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఏమిచ్చావు? పడవా?"

"పడవ తీసుకోలేదు. వచ్చే ఈస్టర్ దాకా ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని పాడాలట."

 ఓలీటా వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికెళ్ళి, కలపనక్కరలేని బీన్సు కలిపింది.

"నీ తెల్ల చొక్కా ఇస్త్రీ లేదు," అంది అటు తిరిగే. 

మర్నాడు చర్చిలో వర్లిన్ నడవాలోంచి వస్తుంటే మనుషులు మెడలు తిప్పి చూశారు. ఆ వేళ ఓలీటా ముందు బెంచీలోనే కూర్చుంది. పక్కనున్న చేతిసంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుని, అతను కూర్చున్నాక కూడా అతని వంక చూడకుండా పాటల పుస్తకం మధ్యలోకి జరిపింది. వర్లిన్ కింది స్వరం ఎత్తుకోగానే కప్పు మీది పాత రేకులు కొంచెం అదిరాయి. పాస్టర్ వాటి వంక ఆందోళనగా చూశాడు.

రివాల్వర్ ఇంకా ట్రక్కు సీటు కిందే ఉంది. శరత్కాలపు సంత కోసం ఎదురుచూస్తోంది. తుపాకి గొట్టాన్ని వర్లిన్ ఆ వారమే కొట్టంలోకి పట్టుకెళ్ళి, ఓలీటా తొలిక పలకకి బిగించాడు. వేసవంతా ఓలీటా దానితోనే చిక్కుడు మళ్ళలో కలుపు తీసింది. గురిపెట్టినదాన్ని తగలడం ఆ తుపాకికి అదే మొదలు.